రెండెకరాల వాటా

పట్టాలు అందుకున్న వ్యవసాయ పట్టభద్రులారా, నేను చెప్పాలనుకున్నది ఒక్కటే, నేరుగా అందులోకి వస్తాను.

మా చెలక చివర, వాగు ఒడ్డున రెండెకరాల పాత అడవి ఉండేది. నల్లమద్ది, ఇప్ప, ఏగిస, తునికి. తాత అందులో నాగలి పెట్టలేదు. డిగ్రీ చేతికొచ్చిన ఏడాది నేను ఇంటికెళ్లి, సగం ఎండి తొర్రపడ్డ మద్దిని చూపించి ‘చచ్చిన చెట్టు, కొట్టేద్దాం’ అన్నాను. నా చదువు మీద గౌరవంతో నాన్న ఒప్పుకున్నాడు. కూలిన మానులో చిలుక పిల్లలు, పైతొర్రలో గుడ్లగూబ గుడ్లు. వడ్రంగిపిట్ట మెత్తబడ్డ కర్రను తొలుస్తుందనీ, అది వదిలిన తొర్రలోకి చిలుకలు, గోరువంకలు చేరతాయనీ నేను పరీక్షలో రాసి మార్కులు తెచ్చుకున్నవాణ్ణే. ఆ చోట నాటిన మద్దికి ఇప్పుడు 40 ఏళ్లు. దానికింకా ఒక్క తొర్రా పడలేదు.

మిగిలిన అడవిని పంపకాలు మింగాయి. నాన్న పోయాక అన్నదమ్ములం ముగ్గురం కూర్చున్నాం. పత్తి చేను అందరికీ కావాలి, అడవి ఎవరికీ వద్దు. తలా 26 గుంటల పైచిలుకు చీల్చుకున్నాం. రెండు వాటాల్లో జేసీబీ దిగింది. నా వాటాలో చెట్లున్నాయి కానీ, నాలుగు వైపుల నుంచీ ఎండా వడగాలీ చొరబడి, ఆకుల కింద ఎప్పుడూ ఆరని నేల ఇప్పుడు వేసవిలో నెర్రెలు విచ్చుతోంది.

సూర్యాపేట జిల్లా రాఘవాపురంలో మాత్రం దుశర్ల సత్యనారాయణ గారు వారసత్వంగా వచ్చిన 70 ఎకరాలను అడవిగా నిలిపారు. బ్యాంకు ఉద్యోగం వదులుకున్న మనిషి. అంత పట్టుదల ఒక్కరికి ఉంటే చాలు, అడవి దక్కుతుంది. మా ముగ్గురిలో ఒక్కరికీ లేకపోయింది.

వెనక వరుసలో ఫోన్లు చూసుకుంటున్న నాయనలారా, తల్లులారా, మీతోనే మాట్లాడుతున్నాను! చదువుకున్నారని రేపు ఊళ్లో పొలం కొలతలకు మిమ్మల్నే పిలుస్తారు. పాత అడవిని పడావు భూమి అనకండి. ఎండుమానును తీసేసి శుభ్రం చేశామనకండి. యూకలిప్టస్ వరసలు నాటి అడవి పెంచామని ఫొటోలు దిగకండి. 2002 నాటి వాల్టా (నీరు, భూమి, చెట్ల) చట్టం సొంత పొలంలో చెట్టు కొట్టడానికీ అనుమతి అడగమంటుంది. అన్నదమ్ముల మధ్య కూర్చుని నచ్చజెప్పే పని మాత్రం చట్టం చేయలేదు, మీరే చేయాలి.

పెద్దవాళ్లు ఉండగానే అందరూ కూర్చోండి. చేలు పంచుకోండి. అడవి ముక్కను ఉమ్మడిగా వదిలేస్తున్నామని కాగితం రాసి, అందరూ సంతకాలు పెట్టండి. మేం ఆ కాగితం రాసుకోలేదు.