అతిథి విద్వాంసునితో ఆ రాత్రి

(డిసెంబరు 17 పింఛనుదారుల దినోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)



1982లో ఇదే తేదీన సుప్రీంకోర్టు నకారాగారి కేసులో తీర్పు ఇచ్చింది. పింఛను దయాధర్మం కాదు, హక్కు అని తేలిన రోజు. ఆ విషయం పెద్దలు వివరంగా చెప్పారు. నన్ను మాత్రం “మీ మృదంగం కబుర్లు చెప్పండి” అన్నారు. ఒక్క రాత్రి సంగతి చెప్పి కూర్చుంటాను.

మాది విజయవాడలో ఉద్యోగుల క్వార్టర్ల బృందం. పాడేవారు ఒకరు, వయొలిన్ ఒకరు, మృదంగం నేను. పగలు ఫైళ్లు, సాయంత్రం సాధన. వయొలిన్ వాయించే ఆయన నాకంటే పదేళ్లు పెద్ద. బాబాయిగారూ అని పిలిచేవాడిని. గొప్ప విద్వాంసుడు కాదు. కానీ పన్నెండేళ్లలో ఒక్క నవమి కచేరీ కూడా మానలేదు.

1986 శ్రీరామనవమికి విజయనగరం సంగీత కళాశాలలో చదివిన ఒక వయొలిన్ విద్వాంసులు బంధువుల పెళ్లికి మా ఊరు వచ్చారు. ద్వారం వెంకటస్వామి నాయుడుగారు ప్రిన్సిపాలుగా పనిచేసిన కళాశాల అది. పందిరి కమిటీ వారు వెళ్లి అడిగితే ఆయన సరేనన్నారు. సాయంత్రం కమిటీ పెద్ద వచ్చి, “బాబాయిగారూ, ఇవాళ మీరు కింద కూర్చుని వినండి” అన్నాడు. అందరి ముందే అన్నాడు. బాబాయిగారు నావైపు చూశారు. నేను తలవంచుకుని మృదంగం ఎడమ మూతకు బొంబాయి రవ్వ ముద్ద అద్దుకుంటూ ఉండిపోయాను. అంత పెద్ద విద్వాంసుని పక్కన వాయించే అవకాశం ఎక్కడ పోతుందోనని నా భయం. ఆయన వయొలిన్ పెట్టె మూసి ముందు వరుసలో చాపమీద కూర్చున్నారు.

కచేరీ మొదలైంది. అతిథి వాద్యం నుంచి మొదటి స్వరం రాగానే పానకం పంచే కుర్రవాళ్లు కూడా ఆగిపోయారు. అయినా ఆయన తన ప్రతాపం చూపలేదు. మా గాయకుడి గొంతు తారస్థాయిలో తడబడితే కమాను ఒత్తిడి తగ్గించి, ఆ గొంతు కిందనే నడిచారు. మేము తెలియకుండా కాలం పెంచుతూ ఉంటే ఆయన ఒక్క సంగతి నిలకడగా వాయించి మమ్మల్ని వెనక్కి తెచ్చారు. అంత బాగా మేమెన్నడూ వినిపించలేదు.

తర్వాత దేశాదిలో నడిచే త్యాగరాజ కృతి. తని ఆవర్తనం నాకు వదిలారు. ఈ ఎత్తుగడలో పల్లవి తాళం మొదటి దెబ్బమీద అందుకోదు, కాస్త జరిగి అందుకుంటుంది. ముక్తాయింపు మూడుసార్లు వాయించి సరిగ్గా అక్కడే దిగాలి. ఇంట్లో నూరుసార్లు దిగినవాడిని. ఆ రాత్రి ఆయన మెచ్చుకోవాలన్న తొందరలో లెక్క తప్పాను. రెండోసారి ముగిసేసరికి ఎక్కడున్నానో తెలియలేదు. చెమటలు పోశాయి.

అప్పుడు కిందనుంచి చెయ్యి లేచింది. బాబాయిగారు. ఒళ్లోంచి చెయ్యి బాగా పైకెత్తి, తొడమీద గట్టిగా తాళం వేస్తున్నారు. దెబ్బ, వేళ్లు, విసురు స్పష్టంగా కనబడ్డాయి. మూడోసారి మొదలుపెట్టకుండా ఒక ఆవర్తం సర్వలఘువు వాయించి నిలదొక్కుకుని, మళ్లీ మొదటినుంచి వాయించి దిగాను. పల్లవి అందుకుంది. జనం చప్పట్లు కొట్టారు. వాళ్లకు తప్పు తెలియలేదు.

తెలిసినవారు ముగ్గురం. అతిథిగారు చప్పట్లు ఆగేదాకా ఉండి, “ముందు కూర్చున్న ఆ పెద్దాయన ఎవరు?” అని నన్ను అడిగారు. మా వయొలిన్ ఆయనేనని చెప్పవలసి వచ్చింది. ఆయన ఇంకేమీ అడగలేదు. మైకులో బాబాయిగారిని పైకి పిలిచి, పక్కన చోటిచ్చి, మంగళం ఇద్దరూ కలిసి వాయించారు. అందులోనూ తన కమానే మెల్లగా నడిపారు.

మర్నాడు క్వార్టరుకు వెళ్లి క్షమించమన్నాను. బాబాయిగారు కాఫీ ఇప్పించి, “ఆ మాటేదో నిన్న కమిటీవాడి ముందు అనవలసింది నాయనా” అన్నారు. అంతే. ఆ తర్వాత కూడా మేమిద్దరం ఎన్నో ఏళ్లు కలిసి వాయించాం. ఆ సంగతి మళ్లీ ఎత్తలేదు. ఆయన ఇప్పుడు లేరు. చప్పట్లు నేను తీసుకున్నాను గనుక, ఆ చెయ్యి ఎవరిదో ఈ సభలో చెప్పవలసిన బాకీ నాది.

ఒక్క మనవి. మన సంఘం వార్షికోత్సవాలకు పేరున్న కళాకారులను పిలుద్దాం, సంతోషమే. కానీ ఏళ్ల తరబడి మన వేదికమీద పాడిన, వాయించిన మనవాళ్లను చాపమీదికి దించవద్దు. పక్కన ఇంకో కుర్చీ వేద్దాం.