పోషకాహారశాస్త్ర విద్య – మన కర్తవ్యము
(సంఘ వార్షిక మహాసభయందలి యుపన్యాసము)



మన బాలిక యొకతె పోషకాహారశాస్త్రమున బి.యస్సీ. చదివెదనన్నచో, "వంటకుఁ బట్టా యెందుకు? తల్లియొద్ద నేర్చుకొనరాదా?" యని పరిహసించువారు మనలో ననేకులు గలరు. కుమారుఁడే యామాట యన్నచో నింటఁ గలహమే పుట్టును. ఈ యభిప్రాయము తొలఁగవలెనని మనవి చేయుటకే నేఁడు మీ యెదుట నిలిచితిని.

వంట నేర్పుట యీ శాస్త్రమునకుఁ బ్రధానోద్దేశము కాదు. తిన్న యన్నము దేహమున నేమగునో, యే కొఱఁతవలన నే రోగము పుట్టునో తెలిసికొనుటయే దీని పని. ఒక యుదాహరణము చెప్పెదను. పూర్వము మన యుత్తర సర్కారులలో బెరిబెరి వ్యాధి యుండెడిది. మరలోఁ దెల్లగాఁ బాలిషు పట్టిన పచ్చిబియ్యము తినువారికే యది హెచ్చు. ఉప్పుడుబియ్యము తినుచోట్ల నరుదు. కారణమేమనఁగా, థయమిన్ అను విటమిను తవుడుతోఁ బోవును. వడ్లను నానఁబెట్టి యుడికించినచో నది కొంత గింజలోనికిఁ జేరి నిలుచును. ఈ వ్యాధిని శోధించుటకై 1918లో మెకారిసన్ దొరగారు కూనూరున నారంభించిన చిన్నశాలయే పెరిగి, 1958లో హైదరాబాదునకు వచ్చి, 1969 నుండి జాతీయ పోషకాహార సంస్థ యను పేరఁ బ్రసిద్ధి కెక్కినది.

రోగములు మాఱినవి గాని కొఱఁత తీఱలేదు. 2019–21 నాఁటి జాతీయ కుటుంబారోగ్య పరిశీలనమున, 15 మొదలు 49 ఏండ్ల వయస్సుగల స్త్రీలలో నూటికి 57 మందికి రక్తహీనత యున్నట్లు తేలినది. కలవారి యిండ్లును దీనికి దూరము కావు. అన్నము కడుపునిండఁ బెట్టుట వేఱు. తగిన యన్నము పెట్టుట వేఱు.

ఈ పట్టాకై జీవరసాయనము, శరీరధర్మశాస్త్రము, సూక్ష్మజీవిశాస్త్రము, పథ్యనిర్ణయము మున్నగునవి చదువవలయును. ఇది సులభమైన చదువని చేరువారు చిక్కుపడుదురు. ఆసుపత్రిలో డైటీషియనుగా నుండఁగోరువారికి సాధారణముగాఁ బైచదువును, ఆసుపత్రి శిక్షణయుఁ గూడఁ గావలయును. పేదయింటి బిడ్డ పట్టా చేతఁబట్టుకొని నడుమ నాఁగిపోవున దిచ్చటనే. 2021లో వచ్చిన యనుబంధ ఆరోగ్యవృత్తుల చట్టమునఁ బోషకాహార నిపుణులును జేరిరి. కావున సంపూర్ణముగాఁ జదివినవారికే ముందు గౌరవము.

పోషకులారా! మన విద్యానిధి యింజనీరింగునకును, వైద్యమునకును మాత్రమే తలుపు తెఱచుచున్నది. ఈ విద్యకును రెండు వేతనములు కేటాయింపుఁడు. మూఁడేండ్లతో నాఁపక పైచదువు ముగియువఱకు నిండు. అట్లు చదివినవారు మన వసతిగృహపు విద్యార్థుల భోజనమును సంవత్సరమున కొకమాఱు పరీక్షించి, లోపములు చెప్పి దిద్దవలెనని నియమము చేయుఁడు. మీరిచ్చిన ధనము మన బిడ్డల విస్తరిలోనికే తిరిగి వచ్చును.

ఈ తీర్మానము నీ సభయందే యామోదింతురని నమ్ముచున్నాను.