కారు షెడ్డులో వాన నీరు

(మన సంఘ సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



నేను ఇంజనీరును కాను. ముప్పై మూడేళ్లు ఫైళ్లు మోసిన గుమాస్తాను. కనుక ఈ విషయాన్ని కూడా ఫైలు మాదిరిగానే మీ ముందు పెడతాను.

హైదరాబాదులో మా ఇంటికి కుళాయి నీళ్లు రోజు విడిచి రోజు వస్తాయి. ఎండాకాలంలో బోరు అడుగంటితే ట్యాంకరును పిలవాలి. ఆ డబ్బు పెన్షనులోంచే పోవాలి. డి.ఏ. పెరిగేదాకా ఆగమంటే దాహం ఆగదు కదా!

మాకు కారు షెడ్డు ఉంది గాని కారు లేదు. వేరే ఊళ్లో ఉన్న మా అబ్బాయి కారు ఏడాదికి రెండుసార్లు వచ్చి నాలుగేసి రోజులుంటుంది. అక్కడ నీళ్ల ట్యాంకులు పెడతానంటే అబ్బాయి చిన్నబుచ్చుకున్నాడు. "కారు వీధిలో పెట్టుకోవచ్చు నాయనా, మీ అమ్మ మోకాళ్లు ఎక్కడ పెట్టమంటావు?" అన్నాను. బకెట్లు మోసేది ఆవిడే మరి. తరువాత పండక్కి వచ్చినప్పుడు వాన నీటి పైపులకు ఆకుపచ్చ రంగు వేసింది వాడే.

ఇక లెక్క. ఒక చదరపు మీటరుపై ఒక మిల్లీమీటరు వాన పడితే ఒక లీటరు. మా డాబా 900 చదరపు అడుగులు, అంటే సుమారు 84 చదరపు మీటర్లు. పది మిల్లీమీటర్ల వానకు 840 లీటర్లు. అందులో అయిదో వంతు వృథా పోయినా 670 లీటర్లు చేతికొస్తాయి. అందుకే 1000 లీటర్ల ట్యాంకులు రెండు పెట్టించాను. నిండిన ట్యాంకు ఒక్కొక్కటి టన్ను పైన బరువుంటుంది. కనుక వాటిని నేలమీద, అడుగంతా ఆనేలా కట్టిన గట్టి దిమ్మెపైనే నిలపాలి.

రెండడుగుల దిమ్మె ఎత్తుకు కుళాయిలో ఒత్తిడి రాదు. పది మీటర్ల ఎత్తు ఉంటేగాని చదరపు సెంటీమీటరుకు ఒక కిలో ఒత్తిడి రాదు. కాబట్టి అర హెచ్.పి. మోటారుతో డాబా మీది వేరే చిన్న ట్యాంకుకు ఎక్కించి, అక్కడినుంచి మరుగుదొడ్డికి, పెరటికి పైపు వేయించాను. వంటింటికి మాత్రం కుళాయి నీరే.

జాగ్రత్తలు నాలుగు చెబుతాను. ఒకటి, వాన నీటి పైపును మంచినీటి పైపుతో ఎక్కడా కలపకండి. ఎండాకాలంలో ఆ ట్యాంకును కుళాయి నీటితో నింపుకోవలసి వస్తే, పైపు కొన ట్యాంకు అంచుకు పైనే ఉండాలి. రెండు, తొలి వాన నీరు డాబా మీది దుమ్మును, పక్షుల రెట్టలను మోసుకొస్తుంది. దాన్ని వాల్వు తిప్పి బయటికి వదిలేయండి. మూడు, మూత బిగువుగా, పొర్లుగొట్టానికి సన్నని జాలీ ఉండాలి. డెంగ్యూ దోమ నిలవ ఉన్న మంచి నీటిలోనే గుడ్లు పెడుతుంది. మనవలు వచ్చే ఇళ్లలో మూతకు తాళం కూడా తప్పదు. నాలుగు, పొర్లే నీటిని పునాదికి దూరంగా ఇంకుడు గుంతలోకి పంపండి. ఇళ్లలో వాన నీటిని నిలవ చేయడం, ఇంకించడం గురించి ఉమ్మడి రాష్ట్రంలో 2002లో వచ్చిన వాల్టా చట్టమే చెప్పింది.

చివరగా ఒక మనవి. వాల్వులన్నీ నడుము ఎత్తున పెట్టించండి, ఈ వయసులో నిచ్చెనలు వద్దు. ఏ పైపు ఎక్కడినుంచి ఎక్కడికి పోతుందో ఒక కాగితం మీద గీసి మోటారు స్విచ్చి పక్కన అతికించండి. అర్ధరాత్రి పైపు పగిలితే ఏ వాల్వు కట్టాలో యజమానికి తప్ప తెలియని ఇళ్లు మనలో చాలా ఉన్నాయి. ఆ యజమాని లేని రోజున ఫ్యామిలీ పెన్షను కాగితాలు ఆఫీసు చూసుకుంటుంది. వాల్వు సంగతి మాత్రం మనమే ముందుగా ఇంట్లోవాళ్లకు చెప్పిపెట్టాలి.