జాబితా వెనుక కొలత

అమెరికా కంట్రీ సంగీతం గురించిన పత్రిక మీ చేతికి వస్తే, గాయకుల ఫోటోల దగ్గరే ఆగిపోకండి. ఏ ఆల్బమ్ ఎన్నో స్థానంలో ఉందో తెలిపే జాబితా కూడా చూడండి. అదీ ఒక కొలతే.

బిల్‌బోర్డ్ పత్రిక ఒకప్పుడు ఏవి బాగా అమ్ముడవుతున్నాయో దుకాణాలవారిని అడిగి ఈ జాబితా వేసేది. 1991 మే నుంచి బార్‌కోడ్ ద్వారా నమోదైన అమ్మకాలను లెక్కలోకి తీసుకుంది. తొలి వారంలోనే చాలా కంట్రీ ఆల్బమ్‌లు పైకి వచ్చాయి! వారంలో జనం అభిరుచి మారుతుందా? మారింది కొలిచే పద్ధతి. అదే సెప్టెంబరులో గార్త్ బ్రూక్స్ ఆల్బమ్ 'రోపిన్ ద విండ్' నేరుగా ప్రథమ స్థానంలో ప్రవేశించింది. కంట్రీ సంగీతంలో అలా జరగడం అదే మొదటిసారి.

కాబట్టి ఏ అంకె చూసినా, దాన్ని ఎలా లెక్కించారని ముందు అడగండి.