నిదానమే ప్రధానము
(ప్రారంభము కాని లాప్‌టాపు బోర్డుల పరీక్షను, చికిత్సను గూర్చి వార్షిక మహాసభయందు చేసిన యుపన్యాసము)



సంస్కృతము చదివి, బడిలో శబ్దములును ధాతువులును వల్లెవేయించుచు జీవితము గడపినవాడు లాప్‌టాపు యంత్రమును గూర్చి మాటాడుట కొందరికి వింతగా తోచవచ్చును. ఉద్యోగవిరమణానంతరము నా మేనల్లుని మరమ్మతు బల్ల ప్రక్కను కూర్చుండి చూచుట నాకు నిత్యకృత్యమైనది. అచ్చట జరుగు పని నేను చదివిన తర్కశాస్త్రమునకు దూరమైనది కాదు. మన పూర్వుల కుంపటికి అంతకన్నను దూరమైనది కాదు. కావుననే యీ విషయమును మీ యెదుట ప్రసంగింప సాహసించితిని.

నేడు మన బిడ్డల చదువు, ఉద్యోగము, సమస్తమును ఈ యంత్రముతో ముడివడి యున్నవి. గత సంవత్సరము మన విద్యార్థిని యొకతె, తల్లి కుట్టుపని చేసి కొనిపెట్టిన లాప్‌టాపు ఒకనాటి యుదయమున మేల్కొనకపోగా, దానిని ఒక దుకాణమునకు కొనిపోయినది. అచ్చటివారు మీట నొక్కి చూచి, “బోర్డు చచ్చినది, క్రొత్త బోర్డునకు పదునెనిమిది వేలు” అని చెప్పి పంపిరి. పది దినములలో సమర్పింపవలసిన ప్రాజెక్టు ఆ యంత్రమునందే యున్నది. పిమ్మట మేనల్లుని బల్లపై పరీక్షింపగా, ఆవగింజంత కెపాసిటరు ఒకటి లోపల పగిలి, విద్యుత్తును నేలలోనికి విడిచినట్లు విడుచుచుండెను. దానిని తొలగించి అట్టిదే వేరొకటి అతికినంతనే యంత్రము లేచినది. ఆ వస్తువు వెల కొలది రూపాయలు మాత్రమే. దుకాణమువారు అసత్యమాడిరని నేననను. వారు పరీక్షింపలేదు, అంతియే. పరీక్షింపకయే మరణమును నిర్ణయించుట యనునదియే నేటి నా ప్రసంగమునకు కారణము.

ఆయుర్వేదమున నిదానమనగా రోగకారణ నిర్ణయము. వాడుకలో నిదానమనగా తొందరపాటు లేకుండుట. “నిదానమే ప్రధానము” అను మన సామెత ఈ విద్యకు రెండర్థములలోను చెల్లును.

మదర్‌బోర్డు అని మనమును, లాజిక్ బోర్డు అని యాపిల్ కంపెనీవారును చెప్పు ఈ ఫలకము మేల్కొనుటకు ఒక క్రమము కలదు. గోడనుండి వచ్చు విద్యుత్తును అడాప్టరు సామాన్యముగా 19 లేక 20 వోల్టులుగా మార్చి యిచ్చును. ప్రవేశద్వారమున మాస్‌ఫెట్లు అను ద్వారపాలకులు దానిని లోనికి విడుతురు. పిమ్మట 5 వోల్టులును, 3.3 వోల్టులును పుట్టును. యంత్రము నిద్రించుచున్నను ఇవి యుండవలెను. ఏలయన, మీట నొక్కితిరా లేదా యని కాచియుండు చిన్న చిప్పు వీనివలననే బ్రదుకును. మీట నొక్కినంతట ఆ చిప్పు పెద్ద చిప్పునకు వార్త నంపును. అప్పుడు ర్యామునకు దాని జాతిని బట్టి 1.2 లేక 1.1 వోల్టులును, తుదకు ప్రాసెసరునకు ఇంచుమించు ఒక వోల్టును చేరును. ప్రతి మెట్టునను “నా పని సరిగా నున్నది” అను సంకేతము వెనుకకు పోవలెను. అన్నియు సమకూడిన పిదపనే ప్రాసెసరు కన్ను తెరచి, ఎనిమిది కాళ్ల చిన్న చిప్పులో వ్రాసియున్న బయోసును చదువును. నడుమ ఒక్క మెట్టు తప్పినను పైకి కనబడు రోగ మొక్కటే: యంత్రము లేవదు.

శివారు చేనికి నీరందనప్పుడు రైతు ఏమి చేయును? కాలువ గట్టు వెంబడి నడచి, ఏ తూము కడ నీరు నిలిచినదో చూచును. ఆనకట్టను త్రవ్వి మరల కట్టడు. ఇచ్చటను అట్లే. మొదట బోర్డును ముట్టకయే చూడవలసినవి కలవు: వేరొక మంచి అడాప్టరు తగిలించుట, బ్యాటరీని విడదీసి, మీటను అర నిమిషము నొక్కిపట్టి మరల ప్రయత్నించుట, ర్యామును తీసి తిరిగి కూర్చుట, మీట తీగ తెగినదేమో చూచుట. పెక్కు యంత్రములు ఇంతమాత్రముననే లేచును.

అవి ఫలింపనప్పుడు విద్యుత్తును కొలుచు బల్లసరఫరా యంత్రమును తగిలించి ఆంపియర్ల అంకెను చూడవలెను. అది కదలక సున్నయందే యున్నచో నీరు మొదటి తూమునే దాటలేదు. ఒక్కసారిగా గరిష్ఠమునకు దుమికినచో ఎచ్చటనో గండి పడినది. స్వల్పముగా నిలిచి, మీట నొక్కగా కొంచెము లేచి పడిపోవుచున్నచో నడిమి మెట్టు ఒకటి విఫలమైనది. లేచి నిలిచియు తెర వెలుగనిచో ర్యామును, బయోసును, తెర తీగను శంకింపవలెను. టైప్‌-సి ద్వారము గల యంత్రములలో 5 వోల్టులతో ప్రారంభమై, ఛార్జరును యంత్రమును తమలో తాము సంప్రదించుకొనిన పిదపనే 20 వోల్టుల వరకు ఎక్కును. 5 కడనే నిలిచిపోయినచో ముందుగా ఆ సంప్రదింపు జరుపు చిప్పును పరీక్షింపవలెను.

గండి పడిన చోటును పట్టుటకు చక్కని యుపాయము కలదు. అడాప్టరును బ్యాటరీని తీసి, మల్టీమీటరుతో ఏ మార్గము నేలతో కలిసినదో తెలిసికొని, ఆ మార్గమునకు సుమారు ఒక వోల్టు మాత్రము, ఆంపియర్లకు హద్దు పెట్టి, ఇచ్చినచో, చెడిన వస్తువు తనంతట తానే వేడెక్కును. ఉష్ణమును చూపు కెమెరా లేనివారు ఐసోప్రొపైల్ ఆల్కహాలు పూసి, అది ముందుగా ఎచ్చట ఆరునో చూచినను చాలును. అయితే ఆ మార్గమునకు సహజమైన వోల్టులకన్న ఎక్కువ ఎన్నడును ఈయరాదు.

ఇక్కడ తర్కశాస్త్రము హెచ్చరించు హేత్వాభాసమొకటి పొంచియున్నది. “నిరోధము తక్కువ, కావున షార్టు” అని శిష్యుడు వాదించును. కాని ప్రాసెసరు మార్గమున నిరోధము స్వభావముచేతనే మిక్కిలి తక్కువ. ఆరోగ్యవంతమైన బోర్డునందును అట్లే యుండును. సాధ్యము లేనిచోటను ఉండు హేతువు హేతువు కాదు. ఈ భేదమెరుగక మంచి చిప్పులను పెరికినవారు కలరు.

ఇక నిప్పును గూర్చి ఒక మాట. స్వర్ణకర్మ మెరిగిన కులమువారము. ఆభరణమును కుంపటిలో పెట్టుటకు ముందు గీటురాయిపై గీచి చూచుట మన యిండ్ల ధర్మము. వెలిగారము లేక మాటు పట్టదనియు, ఊదుగొట్టము మితి తప్పినచో పనియే కరగిపోవుననియు మన పిల్లలకు వేరుగా చెప్పనక్కరలేదు. బోర్డు పనియందు వెలిగారమునకు బదులు ఫ్లక్సు, ఊదుగొట్టమునకు బదులు వేడిగాలి యంత్రము. సీసము కలిసిన పాతకాలపు టంకము 183 డిగ్రీలకు కరగెడిది. 2006లో ఐరోపా నిబంధన వచ్చిన పిమ్మట వ్యాపించిన సీసరహిత టంకము 217 డిగ్రీల ప్రాంతమున గాని కరగదు. ఆ వ్యత్యాసము తెలియనివాడు రేకులను లేపివేయును.

రోగమేదో తెలియక, పెద్ద చిప్పుపై వేడిగాలి పట్టి “బాగైనది” అని సొమ్ము తీసికొను వాడుక యొకటి కలదు. 2008 జూలైలో ఎన్విడియా కంపెనీ, తన లాప్‌టాపు గ్రాఫిక్ చిప్పులలో కొన్ని బలహీనమైన పదార్థములవలన చెడుచున్నవని యొప్పుకొని, 15 నుండి 20 కోట్ల డాలర్లు ఆ వ్యయమునకై కేటాయించినది. దోషము చిప్పు లోపలి అతుకులయందు కలదు. అట్టిదానిని పైనుండి కాల్చగా కొన్ని వారములో నెలలో పనిచేసి మరల పడిపోయెడిది. మూర్ఛపోయినవానిని లేపి నిలబెట్టుట చికిత్స కాదు.

నీరు పడిన యంత్రమును బియ్యములో పాతిపెట్టుట మరియొక దురాచారము. బియ్యము బోర్డుపై లవణములను తీయజాలదు. బ్యాటరీ తగిలియున్నంతకాలము ఆ తడియందు లోహము క్షయించుచునే యుండును. వెంటనే ఆపి, బ్యాటరీని విడదీయించి, ఆల్కహాలుతో కడిగించుటయే మార్గము. మీట నొక్కి “చూతమే” అనుకొనుట కూడదు. ఉబ్బిన బ్యాటరీని గ్రుచ్చుట ప్రాణాపాయము. బయోసు చిప్పును మార్చువారు అందున్న వ్రాతను ముందుగా ప్రతి తీసి దాచవలెను. ఏలయన అనేక యంత్రములలో ఆ యంత్రపు గుర్తులును అందే యుండును.

అన్ని బోర్డులును బ్రదుకునని నేను చెప్పను. పైనున్న మాస్‌ఫెట్టు షార్టయి 19 వోల్టులు నేరుగా ప్రాసెసరుపై పడినచో, వైద్యుడు చేతులు కడుగుకొనవలసినదే. కాని కారణము చూపి “బ్రదుకదు” అనుట వేరు, చూడక అనుట వేరు. 2018 తరువాతి మాక్‌బుక్ ప్రో యంత్రములలో నిల్వ చిప్పులు బోర్డుకే అతుకబడి, అందలి వ్రాత రహస్యలిపిలో నుండును. ఆ బోర్డు లేచిన గాని, వేరుచోట ప్రతి దాచుకొననివారికి, తండ్రి ఛాయాచిత్రములును పరిశోధన గ్రంథమును తిరిగి రావు. అట్టిచోట “క్రొత్తది కొనుము” అనునది ప్రత్యుత్తరమే కాదు.

ప్రభుత్వములును ఈ దెస చూచుచున్నవి. 2022 డిసెంబరులో మన కేంద్ర ప్రభుత్వము మరమ్మతు హక్కు పోర్టలును ప్రారంభించినది. న్యూయార్కు రాష్ట్రమున అదే నెలలో సంతకమైన మరమ్మతు చట్టము 2023 డిసెంబరులో అమలునకు వచ్చినది. హక్కు లభించినను చేయి లేనిచో ఫలమేమి? ఆ చేయి మనకు కలదు. సన్నని పట్టకారు పట్టి, ఊపిరి బిగబట్టి, కంటికానని అతుకు పెట్టు నేర్పు మన యిండ్లలో తరతరములుగా నున్నది. యంత్రములపై పోతపోసిన నగలు వచ్చిన పిమ్మట ఆ నేర్పునకు కూలి కరవై, యువకులు కుంపటిని విడిచి పోవుచున్నారు. చేతి విద్య మనలో చచ్చినదని చెప్పువారికి, ఆ బోర్డు చచ్చినదని చెప్పినవారికి ఇచ్చిన ప్రత్యుత్తరమే యిత్తును: పరీక్షించితిరా?

కావున పోషకులకు మూడు విన్నపములు. మన విద్యార్థి వసతిగృహమున ఒక గదిలో సూక్ష్మదర్శిని, మల్టీమీటరు, బల్లసరఫరా, వేడిగాలి యంత్రము, పొగ లాగు పంకా గల మరమ్మతు బల్ల నొకటి ఏర్పరుపుడు. దానియందు ఆడుపిల్లలకును మగపిల్లలకును సమముగా శిక్షణ నొసగుడు. చూచిన ప్రతి బోర్డునకును లక్షణము, కొలత, కారణము, చికిత్స అను నాలుగు గడుల పుస్తకము వ్రాయించుడు. కారణమను గడి నిండనిదే టంకము పెట్టరాదను నియమము చేయుడు. పేదవిద్యార్థుల యంత్రములకు అచ్చట వస్తువుల వెల మాత్రమే తీసికొనబడుగాక.

ఒక పందిరి ఖర్చుతో ఈ బల్ల సిద్ధమగునని నా నమ్మకము. పందిరి రేపు విప్పుదురు. బల్ల నిలుచును.

శుభం భూయాత్.