అతిథులు వచ్చే నగరం
(ప్రసంగ పాఠం)



ఈనాడు మీతో పోర్ట్ లూయీ నగరాన్ని గురించి ముచ్చటించదలచాను. అది మన మారిషస్ రాజధాని అనీ, రేవుపట్టణమనీ మీకు తెలుసు. అక్కడికి వచ్చే అతిథులను గురించీ, అక్కడ జరిగే ఉత్సవాలను గురించీ, ఆ బరువు ఎవరి మీద పడుతుందో దానిని గురించీ చెబుతాను.

రేవు ఒడ్డున ఆప్రవాసీ ఘాట్ ఉన్నది కదా! అక్కడ 16 రాతి మెట్లున్నాయి. 1834 మొదలు 1920 వరకు చెఱకు తోటల్లో పనిచేయడానికి భారతదేశం నుండి దాదాపు 5 లక్షల మంది ఈ దీవికి వచ్చారు. గోదావరి సముద్రంలో కలిసే ప్రాంతంలోని కోరంగి రేవులో ఓడ ఎక్కిన మన తెలుగు పెద్దలు కూడ వారిలో ఉన్నారు. అందుచేతనే ఇక్కడ తెలుగువారికి 'కోరంగీలు' అనే పేరు వచ్చింది. 2006లో యునెస్కో సంస్థ ఆ ఘాట్‌ను ప్రపంచ వారసత్వ స్థలంగా గుర్తించింది.

అయితే, 1865 నాటి ఆ డిపోలో ఇప్పుడు సగం కూడ మిగలలేదు. పెద్ద రోడ్డు వేసినప్పుడు కొంత భాగం పోయింది. మిగిలింది చిన్న చోటు. ప్రతి ఏటా నవంబరు 2వ తేదీన అక్కడ పెద్దలను స్మరించుకొంటాము. అంత చిన్న చోటుకు వేలమంది ఒక్కసారే వస్తే పాత రాళ్ళు అరిగిపోవా? గోడలు కదలవా? అందుకని, ఎంతమందిని రానివ్వాలి, ఏ దారిన రావాలి, ఏ దారిన పోవాలి అని ముందే లెక్క చూసుకోవాలి. ఉత్సవ నిర్వహణలో మొదటి పని ఈ లెక్కే. పందిరి, దీపాలు, మైకు అన్నీ ఆ తరువాతివి.

2023లో మన దేశానికి సుమారు 13 లక్షల మంది విదేశీ యాత్రికులు వచ్చారు. మన జనాభా కూడ ఇంచుమించు అంతే. ఇంట్లోవారెందరో చుట్టాలూ అందరన్నమాట! వారు రావాలి. టాక్సీ నడిపేవారికీ, బజారులో అనాసకాయ కోసి ఉప్పూ కారం అద్ది అమ్మేవారికీ, హోటళ్ళలో పనిచేసే మీ అన్నలకూ అక్కలకూ వారి వల్లనే జీవనం. కాని వారు వాడే నీళ్ళూ మన జలాశయాలవే, వదిలే చెత్తా మన నేలకే. దీవిలో చెత్త పూడ్చే స్థలం ఒక్కటే ఉన్నది. దానిని 1997లో మార్ షికోజ్‌లో తెరిచారు. దీవి పెరగదు, ఆ గుట్ట మాత్రం పెరుగుతున్నది.

ఇక్కడ ఒక దుఃఖకరమైన సంగతి. పిల్లలకెందుకని కొందరంటారు. చెప్పవలెననే నా అభిప్రాయం. 2013 మార్చి 30వ తేదీన పోర్ట్ లూయీలో రెండు గంటలైనా గడవకముందే 150 మిల్లీమీటర్లకు పైగా వాన కురిసింది. కొండల మీది నీరు నగరం మీద పడింది. కోడాన్ దగ్గర నేల క్రింది నడకదారిలోకీ, కార్లు నిలిపే చోటులోకీ వరద దూసుకువచ్చింది. ఆనాడు 11 మంది చనిపోయారు. కొండకూ సముద్రానికీ నడుమ ఉన్న నగరమది. అక్కడ జనాన్ని పోగుచేసేవారు వాన వస్తే వారిని ఎటు పంపాలో ముందే ఆలోచించుకోవాలి. కాలువలకు చెత్త అడ్డుపడకుండ చూడాలి.

చైనాటౌన్‌లో ఆహారోత్సవం జరిగిన రాత్రి మనం తృప్తిగా తిని ఇంటికి పోయి పడుకొంటాము. చీపురు పట్టుకొని వీధిలోకి వచ్చేవారు వేరేవారు. వారి పనిగంటలకు, చేతితొడుగులకు, బండికి ఎంత ఖర్చవుతుందో ఉత్సవం లెక్కలో ముందే వ్రాయాలి. ఈ పద్దు చాలామంది మరచిపోతారు.

2016లో ప్లాస్టిక్ సంచులను, 2021లో ఒక్కసారి వాడి పారవేసే ప్లాస్టిక్ పళ్ళేలు, గ్లాసులు మొదలైనవాటిని మన ప్రభుత్వం నిషేధించింది. మన పెద్దలకు ఆ చట్టం అక్కరలేకపోయింది. పెళ్ళిలో ఏడు కూరలూ అరటి ఆకులోనే వడ్డించేవారు, ఇప్పుడూ వడ్డిస్తున్నారు. తిన్న తరువాత ఆ ఆకు ఎరువవుతుంది.

ఇక మీకొక పని. మీ ఊరి ఉగాది సభకు 300 మంది వస్తారనుకోండి. ఒక్కొక్కరు రెండు కాగితపు గ్లాసులు వాడితే 600 గ్లాసులు. కడిగి వాడే గ్లాసులైతే ఎన్ని కావాలి? ఎవరు కడుగుతారు? నీళ్ళెన్ని? ఎంతమంది బస్సులో వస్తారు, ఎంతమంది కార్లలో? సభ ముగిశాక ఎవరు ఊడుస్తారు? ఇంట్లో నాన్నగారినీ, అమ్మమ్మగారినీ అడిగి, ఒక కాగితం మీద వ్రాసి, వచ్చే వారం తరగతికి తీసుకొని రండి.