లైసెన్సు తీసుకున్నవాడి మీదే భారమా?
కుక్కల పెంపకందారుల సమస్యలు – మన వైఖరి

(పశుపోషకుల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



ధాన్యం ధర, కౌలు కార్డులు, ఎరువుల కొరత వంటి సమస్యలుండగా రైతు సంఘం వేదిక మీద కుక్కల గురించి మాట్లాడటం ఏమిటని కొందరికి అనిపించవచ్చు. గొర్రెల మంద వెంట తిరిగేవారికి ఆ సందేహం రాదు. మందకు కాపలా కుక్కే. కొల్లేటి చుట్టుపక్కల బాతుల మందలను తోలిన జోనంగి మన తెలుగు నేల జాతి. ఆ ప్రాంతం చేపలు, రొయ్యల సాగుకు మళ్లి బాతుల పెంపకం తగ్గాక జోనంగికి పని పోయింది, సంఖ్యా తగ్గిపోయింది. కర్ణాటకలోని బాగల్‌కోట్ జిల్లా ముధోల్ ప్రాంతంలో చిన్న రైతులు, కూలీలు ముధోల్ వేటకుక్కలను పెంచి, పిల్లలను అమ్ముకుని నాలుగు డబ్బులు సంపాదించుకుంటున్నారు. తమిళనాడులో రాజపాళయం, చిప్పిపారై కుక్కలను పెంచేవారూ ఉన్నారు. వ్యవసాయానికి తోడుగా ఉన్న చిన్న ఉపాధి ఇది.

ఈ ఉపాధిని నియంత్రిస్తూ కేంద్ర ప్రభుత్వం 2017 మే 23న కుక్కల పెంపకం, అమ్మకం నిబంధనలను నోటిఫై చేసింది. పశువుల సంతల నిబంధనలు కూడా అదే రోజు, అదే 1960 నాటి జంతుహింస నిరోధక చట్టం కింద వచ్చాయి. సంతలో పశువును కబేళాకు అమ్మకూడదన్న ఆ నిబంధనల మీద దేశమంతా ఆందోళన జరిగింది. మద్రాసు హైకోర్టు స్టే ఇచ్చింది. జులైలో సుప్రీంకోర్టు ఆ స్టేను దేశమంతటికీ వర్తింపజేసింది. కుక్కల నిబంధనల గురించి మాత్రం పల్లెల్లో చర్చే జరగలేదు.

ఆ నిబంధనలు ఏం చెబుతున్నాయి? అమ్మకానికి కుక్కలను పెంచేవారు రాష్ట్ర జంతు సంక్షేమ బోర్డు దగ్గర రిజిస్టర్ చేసుకోవాలి. రుసుము 5 వేల రూపాయలు. రిజిస్ట్రేషన్ 2 సంవత్సరాలే చెల్లుతుంది, మళ్లీ పొడిగించుకోవాలి. 18 నెలలు నిండని ఆడకుక్కను చూలు కట్టించకూడదు. ఏడాదికి ఒక్క ఈత, జీవితకాలంలో 5 ఈతలు మించకూడదు. 8 ఏళ్లు దాటితే ఆపేయాలి. పిల్లలకు 8 వారాలు నిండాకే, టీకాలు వేయించి, మైక్రోచిప్ పెట్టించి అమ్మాలి. రికార్డులు రాయాలి, ఏటా బోర్డుకు నివేదిక పంపాలి.

వీటిలో చాలావరకు మంచివేనని నేనంటాను. ఏడాదికి రెండుసార్లు ఈనించి తల్లి కుక్కను పిండేసేవారిని మనం సమర్థించం. ప్రశ్న వేరే ఉంది. ఈ ఖర్చు ఎవరు మోస్తున్నారు, ఎవరు తప్పించుకుంటున్నారు?

లైసెన్సు తీసుకున్న పెంపకందారు పిల్లలను 8 వారాలూ మేపాలి. ఒక్కోదానికి టీకాలు, చిప్ ఖర్చు పెట్టుకోవాలి. తల్లిని జత కట్టించే ముందు డాక్టరు సర్టిఫికెట్ తేవాలి. లైసెన్సు లేనివాడు నెల నిండగానే ఫోన్‌లో ఫొటో పెట్టి అమ్మేస్తాడు. టీకా లేదు, చిప్ లేదు, రికార్డు లేదు. కాబట్టి తక్కువ ధరకు ఇవ్వగలడు. కొన్నవాడి ఇంట్లో ఆ పిల్ల పార్వో వచ్చి చనిపోతే అడిగే నాథుడు లేడు. తనిఖీకి వచ్చేవారు మాత్రం రిజిస్టర్‌లో పేరున్న ఇంటికే వస్తారు.

శిక్షలు చూడండి. జంతువును హింసిస్తే మొదటిసారి జరిమానా 10 నుంచి 50 రూపాయలు. నిబంధనలు ఉల్లంఘిస్తే 100 రూపాయల వరకు జరిమానా, లేదా 3 నెలల వరకు జైలు, లేదా రెండూ. దశాబ్దాల నాటి అంకెలే ఇప్పటికీ ఉన్నాయి. చట్టాన్ని పాటించాలంటే ముందుగా 5 వేలు కట్టాలి. తప్పించుకు తిరిగేవాడు పట్టుబడి జరిమానాతో బయటపడితే 100 రూపాయలతో సరి. ఇలాగైతే లైసెన్సు ఎవరు తీసుకుంటారు?

ఇక 2024 మార్చి 12న కేంద్ర పశుసంవర్థక శాఖ రాష్ట్రాలకు లేఖ రాసింది. ప్రమాదకరమైనవంటూ 23 జాతుల దిగుమతి, పెంపకం, అమ్మకం ఆపాలని చెప్పింది. టర్కీలో గొర్రెలను తోడేళ్ల నుంచి కాపాడే కంగల్ కూడా ఆ జాబితాలో ఉంది. పెంపకందారులతో మాట్లాడలేదు. ఏప్రిల్‌లో కర్ణాటక హైకోర్టు ఆ లేఖను కొట్టేసింది. సంబంధితుల వాదన వినలేదన్నది అందుకు ఒక కారణం. మన దేశవాళీ జాతులు ఆ జాబితాలో లేవు. కానీ ప్రభుత్వమే ఇచ్చిన లైసెన్సుతో బతుకుతున్నవారి ఉపాధి ఒక్క లేఖతో అయోమయంలో పడిందన్నది మనం గుర్తుంచుకోవాలి.

మరోవైపు ప్రోత్సాహం సంగతేమిటి? 2020 ఆగస్టులో 'మన్ కీ బాత్'లో ప్రధానమంత్రి దేశవాళీ కుక్కలను పెంచమన్నారు. కర్నాల్‌లోని జాతీయ పశు జన్యు వనరుల సంస్థ ముధోల్, రాజపాళయం, చిప్పిపారైలను జాతులుగా నమోదు చేసింది. జాతీయ పశుసంపద మిషన్‌లో గొర్రె, మేక, కోడి, పంది ఉన్నాయి. 2024లో గుర్రం, గాడిద, ఒంటెలను కూడా చేర్చారు. కుక్కను చేర్చలేదు. పొగడ్త దక్కింది, పథకం దక్కలేదు.

ఇందులో రైతుకు నేరుగా నష్టం కూడా ఉంది. అడ్డూఅదుపూ లేకుండా పుట్టించి అమ్మిన కుక్కలు పెద్దవయ్యాక రోడ్డున పడతాయి. అవి వీధికుక్కల గుంపుల్లో చేరి మన గొర్రెపిల్లల మీద పడతాయి, రేబిస్ భయం పెంచుతాయి. పద్ధతిగా పెంచేవాడు నిలబడటం పల్లెకు కూడా అవసరం.

అందుకే మన డిమాండ్లు ఇవి:

1. ఒకటి రెండు దేశవాళీ ఆడకుక్కలున్న చిన్న పెంపకందారులకు రిజిస్ట్రేషన్ రుసుము రద్దు చేయాలి.

2. దరఖాస్తు, తనిఖీ, పొడిగింపు మండల పశువైద్యశాలలోనే జరగాలి.

3. టీకాలు, మైక్రోచిప్ అక్కడే ఉచితంగా అందించాలి.

4. రిజిస్ట్రేషన్ నంబరు లేకుండా ఆన్‌లైన్‌లో ఎవరూ కుక్కపిల్లలను అమ్మకుండా కట్టడి చేయాలి. పెద్ద అక్రమ వ్యాపారులకు తగ్గట్టుగా జరిమానాలు పెంచాలి.

5. జోనంగి జాతిని సర్వే చేసి నమోదు చేయాలి. దేశవాళీ కుక్కల పెంపకాన్ని జాతీయ పశుసంపద మిషన్‌లో చేర్చాలి.

6. ఏ జాతిని నిషేధించాలన్నా ముందు పెంపకందారుల వాదన వినాలి.

నిబంధనలు వద్దని మనం అడగడం లేదు. అవి అందరికీ ఒకేలా వర్తించాలని, పాటించేవాడు బతికేలా ఉండాలని అడుగుతున్నాం. మీ గ్రామాల్లో మందకాపలా కుక్కలను, జోనంగిని పెంచుతున్నవారి వివరాలు సేకరించి మండల కమిటీలకు అందజేయండి. ఆ జాబితాలతో పశుసంవర్థక శాఖ అధికారులను కలుద్దాం.